పాటల నాగు

"డబ్బ బందు చెయ్యకు."

"కరెంటు పోతె?"

"కరెంటు పోతె పోతది. అది నీ తప్పు గాదు. నువ్వైతె చెయ్యకు."

"ఎవలో ఏమో, మొకం తెల్వనోళ్ల కోసం నేను గీ డబ్బకు కాపలుండాల్నా?"

"జర సూడే. ఆ మనిషికి ఇంక కొంచమే ఉంది."

గివే మా ఆలుమొగల ఆఖరి మాటలు. ఆయన తలుపుల నిలవడి చెప్పులేసుకుంట అన్నడు. నేను పొయ్యికాడికెళ్లి అన్న. మొకాలు గూడ సూసుకోలె. సద్ది సంచి భుజానికేసుకోని షిఫ్టు బస్సుకు పోయిండు. మా చంద్రపూర్ జిల్లాల ఉప్పర్వాహి దిక్కు సిమెంటు కంపెనీల ఆయన పని. బస్సు రాకముందే, స్టాపుకాడ బల్ల మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండట. గుండె. పక్కపొంటి ఉన్నోళ్లు కునుకువట్టిందనుకున్నరట. బస్సొచ్చినంక లేపి సూసిండ్రు.

డబ్బ అంటే కంపూటరు. ఆ మనిషి ఎవలో నాకిప్పటికి తెల్వదు. ఎక్కడో దూరంకెళ్లి, మా కంపూటరుల ఉన్న నా పాట ఒకటి తీసుకుంటుండె, కుండకు సుక్కసుక్క నీళ్లు వడ్డట్టు. అది నిండకముందు డబ్బ బందైతె పాట సగంల ఆగుతది. సగం అందిన పాట పాడదు. ఆ ఒక్క పాట గురించే నేను గీ మాటలు చెప్తున్న.

రాసేది నా ఆడబిడ్డ, ఆయన సొంత చెల్లె. సదివింది మరాఠిల. ఆదిలాబాద్ దిక్కు ఇచ్చినంక, పిల్లలకు చెప్పుకుంట చెప్పుకుంట తెలుగు నేర్సింది. "నేనన్నట్టే రాయి, సక్కగ చెయ్యకు" అన్న.

"నువ్వన్నట్టే రాస్తె సదివేటోళ్లు మనల్ని అడివోళ్లనుకుంటరు వదినా."

"అనుకోనీ. జివతి గుట్టల మీద పుట్టినదాన్ని, అడివిదాన్నే."

నాకు సంతకం వస్తది. బస్సు మీద ఊరి పేరు మరాఠిల ఉంటె గుర్తువడత. అంతకన్న సదువు లేదు. పేర్లు మాత్రం రాయొద్దని చెప్పిన. ఆయన పేరు బతికున్నప్పుడే నోటితోని అనలె, ఇప్పుడెట్లంట. ఇగ నా పేరు పాటకు అక్కర లేదు.

మా దిక్కు పెండ్లంటె పాట లేకుంట ఏ పని కాదు. పసుపు దంచాలంటె పాట, నలుగు వెట్టాలంటె పాట, వియ్యపురాలిని తిట్టాలన్నా పాటలనే తిట్టాలె. నేను అన్నీ మా అమ్మమ్మ నోట్లకెళ్లి నేర్సుకున్న. రాజురాకాడికెళ్లి కొర్పనా దాంక తెలుగోళ్ల ఇండ్లల్ల పెండ్లైతె నన్ను బండి గట్టి పిలుసుకపోయెటోళ్లు. నేను రాకపోతె పసుపుకొమ్ము రోట్ల వడకపోవు. గంత గర్వముండె నాకు, అబద్ధమెందుకు.

ఆయన ఒక్క ముక్క పాడినోడు గాదు. వినుడే ఆయన పని. టేపురికార్డు ఒకటి కొన్నడు, నా ఎంబడి పెండ్లిపెండ్లికి మోసుకొచ్చెటోడు. ఆడోళ్ల నడుమ దాన్ని వెట్టి పక్కకు మోకాళ్లు ముడుసుకోని కూసునెటోడు. ఆడోళ్లు ఊకుంటరా?

"ఏంది బావా, గాజులేసుకుంటవా, రోకలి వడతవా?"

"రెండూ ఇయ్యుండ్రి గని ముందుగాల పాడుండ్రి. రీలు తిరుగుతుంది."

గట్ల నింపిన క్యాసెట్లన్ని బిస్కీట్ల రేకుడబ్బల వెట్టి అటక మీద వెట్టిండు. మాది రేకుల ఇల్లు. అప్పుడు ఆ ముచ్చట మాకు తోచలె.

తర్వాత దినాలు మారినయి. చంద్రపూర్ల దుకాండ్లన్ని మెరుపుమెరుపులైనయి. ఏది వడితె అది కిస్తుల మీద ఇస్తుండ్రి. మా వాడకట్టుల ఒకలింటికి ఫ్రిజ్జొచ్చింది, ఒకలింటికి మోటరుసైకిలొచ్చింది. మా ఇంటికి కంపూటరొచ్చింది.

"గిది తిండి వెడతదా?" అన్న.

"పాటలు వెడతది" అన్నడు.

ఫోను తీగలకెళ్లి ఇంటర్నెట్టు వెట్టిచ్చిండు. దాంట్ల ముందుగాల ఆయన పోయింది అందరికి తలుపు తెరిసున్న జాగకు. ఆడికి ఎవలన్న రావచ్చు, ఏదన్న తీసుకపోవచ్చు, నువ్వెవలని అడిగెటోడు లేడు. బజార్ల పందిరేసి బంతి వెట్టినట్టు. ఆయనకు మస్తు సంబురమైంది. విసాపూర్ల ఒక పెండ్లిల పాడిన నలుగు పాటలు ఆ జాగల వెట్టిండు. పది మంది తీసుకున్నరు. తీసుకోని ఎటోళ్లటు పోయిండ్రు.

దాని పద్ధతి ఆయన నాకు చెప్పిండు. పాట ఒక పెద్ద కొట్టుల ఉండదట. ఎవని డబ్బల ఉంటె వాని దగ్గరికెళ్లి ఇంకొకడు తీసుకుంటడు. తీసుకున్నోడు తన డబ్బ తెరిసివెడితె వాని దగ్గరికెళ్లి మరొకడు. గట్లైతెనే అది బతుకుతది. అందరు తీసుకోని తలుపులేసుకుంటె మొదలు వెట్టినోడొక్కడే మిగుల్తడు. మేము ఒకపారి జాత్రకు పోయి డబ్బ బందువెట్టినం. వచ్చి సూస్తె ఆ పాటల పేరు మాత్రం రాసుంది. ఇచ్చెటోడు ఒక్కడు లేడు. "తిన్నోళ్లు ఇస్తారాకు గూడ తియ్యకుంట లేసిపోయిండ్రు" అని ఆయన చిన్నవోయిండు. మల్ల నా పాటలు ఎక్కడ వెట్టలె.

గప్పుడు కలిసిండు ఆంధ్రాయన. కరెంటు కంపెనీల ఇంజినీరు, కోస్తా దిక్కు మనిషి. పాత నాటకాల పద్యాలంటె పానం. మా ఆయనకు యాడ దొరికిండో ఏమో, ఆదివారమైతె మా ఇంటికొచ్చి చాయ్ తాగుకుంట కూసునెటోడు.

"ఆ సంతలో ఎందుకు అన్నయ్యా. మాది వేరే ఉంది, లోపలివాళ్ళు పిలిస్తేనే రానిస్తారు. మీ తరఫున నేను మాటిస్తాను. ఒకటే నియమం. తీసుకున్నంతా తిరిగి ఇస్తూ ఉండాలి. మీరు తప్పితే పిలిచిన నన్ను కూడా బయటకి పంపిస్తారు."

"అట్లెందుకు తప్పుత తమ్ముడూ" అన్నడు మా ఆయన. లోపలికి పోయిండు. పోయి, ఉపాసమున్నోడు పెండ్లి బంతిల కూసున్నట్టు కూసున్నడు. పద్యాలు, హరికథలు, ఏ ఊరివో తత్వాలు, ఏది గనవడితె అది తీసుకున్నడు. తీసుకునుడే గని ఇచ్చింది ఏది? ఆయన దగ్గరున్నయన్ని అందరి దగ్గర ఉన్నయే. ఎవలు అడుగుతరు?

ఒకనాడు డ్యూటికెళ్లి వచ్చి డబ్బ ముంగట కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. చాయ్ సల్లారింది.

"ఏమైంది? కంపెనీల ఏమన్న అన్నరా?"

"కంపెనీ గాదు. మనం తీసుకున్నదాంట్ల సగం గూడ ఇయ్యలేదట. ఇయ్యకుంటె ఎల్లగొడ్తమని రాసిండ్రు. నేను పోతె పోయిన, నన్ను పిలిచిన తమ్ముడు గూడ నా ఎన్క పోతడు, పాపం."

నాకు నవ్వొచ్చింది. "గిది నాగు గాదా?" అన్న.

మా గుట్టల మీద నాగు తెల్వనోళ్లు లేరు. విత్తుల యాళ్లకు ఇంట్ల గింజ లేకుంటె ఉన్నోళ్లింటికి పోయి జొన్నలు కొలిపిచ్చుకొస్తం. పంటొచ్చినంక కొలిచిందాని మీద ఇంకింత ఏసి పెడతం. పెట్టనోడు మల్ల యాడాది గంప వట్టుకోని ఏ వాకిట్లకు పోలేడు. వాని తరుపున మాటిచ్చిన పెద్దమనిషికి గూడ మొకం సెల్లదు. గదే నాగు.

"నాగే అనుకో" అన్నడు. "ఏం పెట్టి కట్టాలె మరి?"

అనుకుంట నా మొకం సూసిండు. తర్వాత అటక మీదికి సూసిండు.

"నా పాటలా? వియ్యపురాలి తిట్లు ఎవడింటడయ్యా?"

"వాళ్ల దగ్గర లేనియి అవే."

ఆ ఎండకాలమంత గదే పని. టేపురికార్డుకెళ్లి డబ్బకు ఒక తీగ ఏసి క్యాసెట్టు మొదటికెళ్లి ఆఖరు దాంక తిప్పుడు. నేను కుక్కరు వెట్టాలన్న భయపడెటిదాన్ని, సీటి సప్పుడు పాటల వడతదేమోనని. "తీగలకెళ్లి పోతది, నీ పప్పు సప్పుడు అందుల వడదు" అనెటోడు. నాకు నమ్మకం కాలె. పాట తిరిగినంత సేపు బుద్ధిగ కూసున్న, పెండ్లి నా ముంగటనే అయితున్నట్టు.

తీసుకున్నరు. నేను అనుకోలె. ఎక్కడెక్కడోళ్లో ఆ తిట్ల పాటలు తీసుకున్నరు. 'గీ మాటకు అర్థమేంది' అని అడుగుకుంట రాసిండ్రు. నేను చెప్పేది, ఆయన తెల్వనోడు గాకున్న నన్నే అడిగి డబ్బల అచ్చు కొట్టెటోడు. డబ్బల ఒక పచ్చ బాణం ఉంటది. అది పైకుంటె మనం ఇస్తున్నట్టు, కిందికుంటె తీసుకుంటున్నట్టు. కంపూటరుల నాకొచ్చిన సదువు గదొక్కటే.

నాగు తీరింది. ఎల్లగొట్టుడు తప్పింది. ఆంధ్రాయన స్వీట్లు వట్టుకొచ్చిండు. ఒక్క క్యాసెట్టు మాత్రం మా ఆయన అప్పటిదాంక డబ్బల ఎక్కియ్యలె. అది ఆడబిడ్డ పెండ్లిది. గీ రాస్తున్నామెదే. ఆమెను అప్పజెప్పెకాడ వదినెగ నేనే పాడిన.

*పెంచిన సేతులే పంపవట్టె బిడ్డా,*
*అంచుల కన్నీరు ఆరనీ బిడ్డా.*

గట్ల పోతది. రెండో సరణంకాడ ఎన్కకెళ్లి ఒక గొంతు కలుస్తది. మాటలు రావు, ఊఁ ఊఁ అని రాగం మాత్రం. అది ఆయన గొంతు. పుట్టి బుద్ధెరిగినంక పాడని మనిషి, మొగోళ్లు పాడని పాటల, చెల్లె పోతుందని ఓర్సుకోలేక అందుకున్నడు. తర్వాత ఎవలన్న ఆ ముచ్చట తీస్తె లేసి బయటికి పోయెటోడు. అందుకే ఆ క్యాసెట్టును దాసిండు.

ఇది చెప్పంగనే ఆడబిడ్డ కలం ఆపింది.

"ఏంది, రాస్తలేవ్?"

"నాకు తెల్వదు వదినా. అన్న అందుకున్నట్టు నాకు తెల్వదు. నేనప్పుడు బండెక్కుతున్న."

"ఇప్పుడు తెలిసింది గద. రాయి."

ఆఖరికి ఆ పాట గూడ ఎక్కిచ్చిండు. ఎందుకు మనసు మారిందో అడగలె. "సిగ్గేం లేదా?" అంటె, "మొకం తెల్వనోళ్ల ముంగట సిగ్గేంది" అన్నడు. ఎక్కిచ్చిన నాడే ఒక మనిషి తీసుకునుడు మొదలువెట్టిండు. వాని తీగ సన్నంగున్నట్టుంది, రెండొద్దులైన నిండలె. తెల్లారి ఆయన షిఫ్టుకు పోయిండు. ఆ ముచ్చట మొదల్నే చెప్పిన.

ఇంటికి పీనుగొచ్చింది. సుట్టాలొచ్చిండ్రు. పొయ్యి మీద పిల్లి పండుకుంది. మా బావ, ఆయనకు అన్న, మంచి మనిషే, ఇంట్లకొచ్చి అటిటు సూసిండు. టీవీ మీద దుప్పటి కప్పిచ్చిండు. మూలకు డబ్బ లైట్లు మిణుకు మిణుకుమంటున్నయి.

"మైలింట్ల గిదేందమ్మా, పెండ్లింట్ల లెక్క" అని తీగ గుంజిండు.

నేను పీనుగు పక్కన కూసున్న. సూస్తనే ఉన్న. ఎత్తుకపోయి, కాల్చి, తానాలు చేసి అందరు వాకిట్ల కూసున్నంక లేసి పోయి తీగ మల్ల వెట్టిన. కరెంటొస్తె దానంతటదే మొదలయ్యేటట్టు ఆయన చేసిపోయిండు. ఆడోళ్లు ఒకల మొకాలొకలు సూసుకున్నరు. మొగడు సచ్చిన దినమే కంపూటర్ ఆడుతుందని ఒకామె అననే అన్నది. ఆడుతలేనమ్మా, పాట ఒక సప్పుడు గూడ లేకుంట బయటికి పోతుందని ఎవలికి చెప్పాలె?

గని ఆ పాట తీసుకునెటోడు అప్పటికే ఎల్లిపోయిండు. మిగిలిన పాటలకాడ బాణం కదిలింది, ఆ పాటకాడ కదలలె. వాడు ఏమనుకున్నడో. ఇచ్చెటోడు మాట తప్పిండనుకున్నడో, విసిగి తీసేసిండో. మల్ల రాలె.

మైల దినాలల్ల మా ఇంట్లకెళ్లి చిటికెడు ఉప్పు గూడ ఎవలు తీసుకోరు. వాళ్లు తెచ్చి వెడతరు, మనం తినాలె, మనం ఇయ్యొద్దు. మైల తీరినంక ఉప్పు తీసుకుంటరు గని పాట తీసుకోరు. అది నాకు ఎన్క తెలిసింది. పక్క సందుల తెలుగోళ్ల పెండ్లైతె ఎప్పటి లెక్క తయారై పోయిన. పసుపు దంచెకాడికి పోంగనే సప్పుడు ఆగింది. ఆ ఇంటామె నా చెయ్యివట్టుకోని, మెల్లగనే, ప్రేమతోనే అన్నది. "వదినా, నువ్వు గీ అర్రల తలుపు ఎన్క కూసో. మాకు పదాలు రావు. నువ్వు అందియ్యి, మేమంటం."

కూసున్న. తలుపు ఎన్క కూసోని పదం పదం అందిచ్చిన. వాళ్లు బయట పాడిండ్రు. రాగం తప్పుతుండె, దిద్దలేను, లోపల్నే పండ్లు కొరుక్కున్న. బువ్వ తినకుంట ఇంటికొచ్చిన. తర్వాత ఏ పెండ్లికి పోలె. పిలిచెటోళ్లు గూడ తగ్గిండ్రు.

గప్పుడు ఆ డబ్బొక్కటే. కూరగాయలు కోసుకున్నా, బియ్యం ఏరుకున్నా దాని ముంగటనే. బాణం పైకి లేస్తె, ఎవలో నా పసుపు పాట తీసుకపోతుండ్రని తెలుస్తది. వాళ్లకు నేను ముంగట కూసుంటినా తలుపు ఎన్క కూసుంటినా తెల్వదు. మాట్లాడరు. నేను గూడ మాట్లాడ. వానకాలం మధ్యాన్నం చూరు నీళ్లు కారుకుంట, ఇంట్ల ఫ్యాను సప్పుడు తప్ప ఏం లేకపోయేది. ఒక్కొక్కనాడు పొద్దుందాక నా గొంతు నాకు ఇనవడేది కాదు. గని బాణం చూసేదాన్ని.

మా చంద్రపూర్ల కరెంటు తయారైతది. తయారై ఎటు పోతదో, మాకు మాత్రం గంటలకొద్ది ఉండదు. ఒకనాడు పోయి, ఒక్కసారే గుంజుకొచ్చినట్టొచ్చింది. డబ్బలకెళ్లి కాలిన వాసన. రిపేరాయన ఇప్పి సూసి, లోపల పాటలుండె పలకనే పోయిందన్నడు. అటక మీది రేకుడబ్బ దించిన. రేకుల కింద అన్ని ఎండకాలాలు ఉడికి, రీలు బెల్లంపాకం లెక్క అతుక్కపోయింది. గోరుతోని లాగితె తెగొచ్చింది.

ఆంధ్రాయనకు ఫోను చేపిచ్చిన. "కంగారు పడకండి చెల్లెమ్మా, చూస్తాను" అన్నడు. ఆదివారం వచ్చిండు. మా ఆయన లేనంక గూడ అప్పుడప్పుడు వచ్చెటోడు, చాయ్ తాగకుంట పోయెటోడు.

తెరిసున్న జాగల మా ఆయన మొదలు వెట్టిన పాటల పేర్లు ఇంక ఉన్నయట. ఒక్కని దగ్గర గూడ పాట లేదు. లోపలి జాగల మాత్రం అందరు నాగు కట్టాలె గనక, నా పాటలు తీసుకున్నోళ్లు ఇంక వాటిని తెరిసివెట్టుకోని ఉన్నరు. ఒకటొకటే ఎదురొచ్చినయి. ఆంధ్రాయన వాటిని సీడీల ఎక్కిచ్చి తెచ్చిండు. ఇచ్చి కూసోని చేతులు సూసుకుంటుండు.

"అప్పగింతలది లేదా?" అన్న.

"అది ఎవరూ పూర్తిగా తీసుకోలేదు చెల్లెమ్మా."

ఆ దినం పొయ్యి ముట్టియ్యలె. మా ఆయన ఫోటో ఉంది, అంగీలున్నయి. గొంతు గా ఒక్క పాటలనే ఉండె. పక్కన కూసోని తీగ గుంజంగ సూసిన మనిషిని నేను. బావను ఏమనాలె? ఆయన మైల పాటిచ్చిండు. అందరింట్ల గట్లనే గుంజుతరు.

కొన్నొద్దులకు ఆంధ్రాయన మల్ల వచ్చిండు. లోపలి జాగోళ్లు అడిగిండ్రట, పాటలు వెట్టినాయన ఏమైండు, పాడిందెవలు, ఎక్కడివి, పాటల కిందికి రాసి పంపుమని. మా ఆయన జాగ నాకిస్తమన్నరట, డబ్బ తెరిసివెడితె.

"ఇంకో మాట. ఆ పాట మీరే మళ్ళీ పాడచ్చు కదా?"

"మొగడు లేని నోటితోని అప్పగింతల పాటనా? ఎవలన్న ఇంటె కొడ్తరు."

"వినేవాళ్ళకి మీ నుదురు కనపడదు చెల్లెమ్మా."

ఆడబిడ్డను పిలిపిచ్చిన.

నిన్న మిట్టమధ్యాన్నం పాడిన. డబ్బల కొత్త పలక ఏసినం, మైకు ఆంధ్రాయన తెచ్చిండు. తలుపు ఏసుకోలె, అర్రలకు పోలె, ముంగటింట్లనే కూసున్న. ఎవల కోసం పాడిన్నో ఆమె ఎదురుంగ కూసుంది, తలల తెల్లెంటికలొచ్చినయి ఆమెకు గూడ. గొంతు పాతగ లేదు. రెండో సరణంకాడ నేను ఆగిన. రాగం పోనిచ్చి, మాట లేకుంట, ఊపిరి తీసుకునేటంత జాగ ఇడిసి, మల్ల అందుకున్న.

"ఎందుకాగినవ్ వదినా? మరిసినవా?" అన్నది ఆడబిడ్డ అయినంక. ఆయన గొంతు కలిసేది గాడ్నే అని ఇయ్యాల్ల రాసుకుంటుంటె ఆమెకే తెలిసింది.

పాట పొద్దున ఎక్కిచ్చినం. ఎవలు ఇంక తీసుకోలె, బాణం పండుకునే ఉంది. ఉండనీ. నేను బందు చెయ్య. ఆ మనిషి మల్లొస్తె, కొంచమే గాదు, మొదటికెళ్లి తీసుకోవాలె. రెండో సరణంకాడ సందుంటది పాటల. అది తప్పనుకోని దిద్దొద్దు. అందుకే గిదంత రాపిచ్చిన.

ఇగ కలం కింద వెట్టు. మొదటికెళ్లి సదువు, ఆయన తలుపుల నిలవడ్డకాడికెళ్లి. మెల్లగ సదువు. ఆయన మాట ఆయన లెక్కనే సదువు, నువ్వు చెల్లెవు, నీకొస్తది.